తవిటమ్మ రూపాయి

రూపాయి ఎత్తు ఒక తులం. మా బజారులో కంసాలికి తులం రాయి కనబడకపోతే మా కొట్టుకు వచ్చి ఒక రూపాయి అడిగి పట్టుకుపోయేవాడు. బంగారం తూచుకుని మళ్ళీ తెచ్చి ఇచ్చేవాడు. తులమంటే ఏపాటి? అరచేతిలో పెట్టి గుప్పిట మూస్తే ఉన్న సంగతే మరిచిపోతాం. ఆరేళ్ళుగా నేను మోస్తున్నది ఆ తులం బరువే. నేను మాత్రం మరిచిపోలేదు. దాన్ని మోస్తూనే అన్నం తిన్నాను, నోములు పట్టాను, పెళ్ళిపీటల మీద కూర్చున్నాను. నవ్వవలసిన చోట నవ్వాను కూడా.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కరలేదు. అందుకే చెప్పగలుగుతున్నాను. మనిషి ఎదురుగా ఉంటే నాకు మాట పెగలదు. పన్నెండో ఏట నుంచి దినచర్య రాసుకునే అలవాటు ఉంది. నోటితో చెప్పలేనిదంతా అందులో రాశాననే అనుకునేదాన్ని. కాని ఆరేళ్ళ కిందటి ఆ రోజు పుట తీసి చూస్తే మూడే ముక్కలున్నాయి. "సంత బాగా జరిగింది. ఎండ ఎక్కువ. పుస్తకం పూర్తయింది." ఎవరూ చదవని పుస్తకంలో ఎవరి కోసం దాచాను? నన్ను నేను మోసం చేసుకోవడానికి అంత శ్రద్ధ ఎందుకు పట్టాను?

అంతా వరసగా చెబుతాను. తడబడితే ఓర్చుకోండి.

మాది పొందూరు బజారులో కిరాణా కొట్టు. తాతగారి నాటిది. సరుకు కట్టించుకోవడం బయట అరుగు మీద, డబ్బు ఇవ్వడం గడప దాటి లోపల గల్లా దగ్గర. అరుగు మీద అప్పన్న తూచేవాడు. నా పుట్టుకకు ముందు నుంచి ఉన్న మనిషి. ఎంతయిందో లోపలికి వినబడేలా అరిచేవాడు. గల్లా దగ్గర నాన్న ఉండేవారు. నాకు పదహారేళ్ళప్పుడు నాన్న చూపు మందగించింది. ఎదురుగా ఉన్న మనిషి నీడలా కనబడేవాడట. అన్నదమ్ములు లేరు. అమ్మ అంతకు ముందే పోయింది. గల్లా పెట్టె ముందు నేను కూర్చున్నాను.

ఆడపిల్ల గల్లా మీద కూర్చోవడమేమిటని బజారంతా ముక్కున వేలేసుకుంది. నాన్న లెక్కచేయలేదు. నా వెనక గోడకు జేరబడి కూర్చునేవారు. కళ్ళు పోయినా ఆయనకు చెవి ఉంది. గల్లా పక్కన చిన్న నల్లరాయి ఉండేది. వచ్చిన ప్రతి రూపాయినీ, అర్ధరూపాయినీ దాని మీద కొట్టి చూడాలి. మోత విని నాన్న "ఊఁ" అంటే చిల్లర ఇవ్వాలి. యుద్ధం రోజులు అవి. వెండి తగ్గించిన కొత్త రూపాయిలు వస్తున్నాయి, వాటి మోత వేరు. పాత రూపాయి మోత వేరు. సీసం పోసి చేసిన దొంగ రూపాయిలు కూడా ఎక్కడెక్కడి నుంచో సంతల్లోకి వస్తున్నాయి. వాటికి మోతే లేదు, చప్పుడు మాత్రం ఉండేది. నాన్న ఈ మూడింటినీ నిద్రలో కూడా పోల్చగలరు.

మా కొట్టుకు ఒక కట్టుబాటు ఉంది. రాయి మీదున్న రూపాయి ఇచ్చినవాళ్ళది, పెట్టెలో పడ్డ రూపాయి మనది. పెట్టెలో పడ్డాక అది చెడ్డదని తెలిస్తే నష్టం మనదే, ఎవరినీ పిలిచి అడగకూడదు. అందుకే రాయి. దీపాలు పెట్టే వేళకు ఆ రోజు వచ్చిన రూపాయిలన్నీ మరొకసారి కొట్టించి విని, అప్పుడు ఇనప్పెట్టెలో పెట్టించేవారు.

ఆ కొట్టు గడపకు తాతగారి నాటి దొంగ రూపాయిలు రెండు మేకులతో కొట్టి ఉండేవి. మళ్ళీ ఇంకొకరి చేతికి పోకూడదని అలా చేస్తారు. గడపను ఎవరూ తొక్కరు కదా, దాటుతారు. దాటేటప్పుడు కిందికి చూస్తారు. చూసి తమ చేతిలో రూపాయిని ఒకసారి తడుముకుంటారు. ఆ రెంటికీ పేర్లు లేవు. ఎవరు తెచ్చారో ఎవరికీ గుర్తు లేదు.

ఇప్పుడు నా పుస్తకాల సంగతి. పక్కింటి మేష్టరుగారి భార్య దగ్గర నవలలుండేవి. ఒక్కొక్కటి అడిగి తెచ్చుకుని గల్లా వెనక, నా ఒళ్ళో, పైట కింద పెట్టుకుని చదివేదాన్ని. నాన్నకు కనబడదు. ఇంత మాట రాయడానికే సిగ్గుగా ఉంది. ఆయన చూపు పోవడం నాకు చదువుకోవడానికి వీలయింది. పుటలు తిప్పే చప్పుడు వినబడకుండా, అప్పన్న అరిచినప్పుడు తిప్పేదాన్ని. ఒకసారి విన్నారు. "గల్లా మీద కూర్చున్నప్పుడు మనసు రాయి మీద ఉండాలమ్మా. ఇంకోసారి పుస్తకం చప్పుడు వినబడితే లోపలికి పంపించేస్తాను, మీ పెదనాన్న కొడుకు కూర్చుంటాడు" అన్నారు. లోపలంటే వంటిల్లు. మనుషులు, ఊళ్ళు, వాళ్ళు చెప్పుకునే కబుర్లు, ఆ అరచేయంత లోకం అంతా గల్లా ముందే ఉంది నాకు. అది పోతుందన్న భయం ఎలాంటిదో మీకు ఎలా చెప్పను?

ఆ రోజు సంత. మిట్టమధ్యాహ్నం నాన్న భోజనానికి లోపలికి వెళ్ళారు. ఒళ్ళో పుస్తకం చివరికొచ్చింది. కథలో ఒక అమ్మాయి రేవులో నిలబడి ఉంది. నావ ఎక్కాలా, వెనక్కు పోవాలా? ఇంకా నాలుగు పుటలే. ఎవరో బండిమనిషి, ఊరు తెలియని మనిషి, ఉప్పూ బెల్లమూ కట్టించుకుని రూపాయి అందించాడు. తొందర పడుతున్నాడు. బండి ఎండలో ఉందన్నాడు. నేను రూపాయి అందుకున్నాను. రాయి వంక చూడలేదు. పెట్టెలో వేశాను. చిల్లర ఇచ్చాను. ఆ అమ్మాయి నావ ఎక్కింది.

పుస్తకం మూశాక రాయి మీద కొట్టలేదని గుర్తొచ్చింది. పెట్టెలో పైనే ఉన్న రూపాయి తీసి రాయి మీద మెల్లగా తాటించాను. టప్. మట్టి ముంత మీద వేలితో కొట్టినట్టు. బయటికి చూశాను. బండి లేదు.

పెట్టెలో పడ్డ రూపాయి మనది. సాయంత్రం నాన్న వింటారు. వింటే ఏం జరుగుతుంది? ఒక్క రూపాయి నష్టం. మా కొట్టుకు అది ప్రాణం మీదికి వచ్చే నష్టమేమీ కాదు. కాని రాయి మీద కొట్టలేదని తెలుస్తుంది. ఎందుకు కొట్టలేదో తెలుస్తుంది. రూపాయిని ఎడమచేతి గుప్పిట్లో బిగించి పైట కిందికి తీసుకున్నాను. ఏం చేద్దామని? అప్పటికి ఏమీ అనుకోలేదు. ఇది నిజం. ఇంకొక అరగంట మాత్రమే నిజం.

నాన్న వచ్చి వెనక కూర్చున్నారు. కొట్టు నిండా జనం.

ఆరేళ్ళు నాకు నేను చెప్పుకున్నదేమిటంటే, చేయి దానంతటది చేసేసిందని. భయంలో మనిషికి తెలియదని. ఇవాళ అది కూడా ఒప్పుకుంటాను. చేతికి తెలుసు. తవిటమ్మ కన్నా ముందు ముగ్గురు రూపాయిలిచ్చారు. మొదటివాడు కరణంగారి మనిషి. రెండో ఆవిడ నోరు పెద్దది, సంతంతా పోగేస్తుంది. మూడోది మా వీధి మనిషి, రేపు మళ్ళీ ఎదురుపడుతుంది. ముగ్గురి రూపాయిలూ బుద్ధిగా కొట్టి పెట్టెలో వేశాను. నాలుగోది తవిటమ్మ. అప్పుడు నా ఎడమచేయి పైట కింద నుంచి వచ్చింది. అంటే నేను ఏరుకున్నాను. తిరగబడని మనిషి కోసం ఎదురుచూశాను. అంతకన్నా చెడ్డ మాట ఇంకొకటి ఉంది. నేనంటే ఇష్టమున్న మనిషిని ఏరుకున్నాను.

తవిటమ్మ సన్న నూలు వడికే మనిషి. ఏభై ఏళ్ళుంటాయి. వాలుగ చేప దవడ ఎముకతో కొండపత్తి దువ్వి, అందులోంచి తీసే దారం ఆ చుట్టుపక్కల ఎవరికీ వచ్చేది కాదనేవారు. ఆవిడ వేళ్ళు పనిచేసే మనిషి వేళ్ళలా ఉండేవి కావు. కొనలు నున్నగా, మెత్తగా ఉండేవి. చిల్లర అందుకునేటప్పుడు నా అరచేతికి తగిలితే దూది తగిలినట్టుండేది. అన్నలూ అక్కలూ పుట్టి పోతూంటే వాళ్ళమ్మ ఆవిడను చేటెడు తవుడుకు ఒకరికి అమ్మి, మళ్ళీ కొనుక్కుందట. అలా కొన్న బిడ్డ బతుకుతుందని మా వైపు నమ్మకం. ఆ తవుడుతోనే ఆవిడకు ఆ పేరు. నేనెప్పుడూ తవిటమ్మత్తా అనేదాన్ని. ఒళ్ళో పుస్తకం ఉందని తెలిసిన మనిషి ఆవిడ ఒక్కతే. ఒకసారి చూసి, నాన్న వైపు ఒక చూపు చూసి, "సదువుకో బుల్లెమ్మా, నాను సెప్పన్లే" అని గుసగుసగా అంది.

ఆ రోజు కూతురికి పురుడొచ్చి మూడు రోజులు. బాలింతకు పెట్టే కాయం చెయ్యాలని శొంఠి, మిరియాలు, వాము, తాటిబెల్లం, కొంచెం నువ్వులనూనె కట్టించుకుంది. అప్పన్న "పదకొండణాలు" అని అరిచాడు. ఆవిడ గడప దాటి వచ్చి, కొంగు ముడి విప్పి, రూపాయి నా కుడిచేతిలో పెట్టింది. ముఖమంతా నవ్వు. "ఆడపిల్ల పుట్టినాది బుల్లెమ్మా" అంది.

ఆ రూపాయి కుడిచేతిలోనే ఉండిపోయింది. ఎడమచేతిలోది రాయి మీద కొట్టాను.

టప్.

"ఏటమ్మా ఆ సప్పుడు? మళ్ళీ కొట్టు," అన్నారు నాన్న వెనక నుంచి.

మళ్ళీ కొట్టాను. గట్టిగానే కొట్టాను.

"సీసం," అన్నారు నాన్న. "ఎవులిది?"

"నాదే బాబూ," అంది తవిటమ్మ. "సీసమేటి బాబూ? పొద్దున్నే నూలు కొనే నాయుడుబాబు ఇచ్చినాడు. నా ఎదరే రాతి మీద కొట్టి మరీ ఇచ్చినాడు. గంట మోగినట్టు మోగినాది."

బయట అరుగు మీంచి ఎవరో అందుకున్నారు. "ఓసే తవిటమ్మా, నూలుతో పాటు రూపాయిలు కూడా ఒడుకుతన్నావేటే?" అందరూ నవ్వారు. అప్పన్న కూడా నవ్వాడు.

ఆవిడ వాళ్ళవైపు చూడలేదు. నావైపు చూసింది. "బుల్లెమ్మా, నీ సేతిలోనే పెట్టినాను గదా. నువ్వు సూసినావు గదా. నానిచ్చినది ఇదేనా?"

ఇక్కడ ఆగాను. కలం పట్టుకుని చాలాసేపు ఆగాను. అప్పుడు ఒక్క క్షణం ఉంది నాకు. కుడిచేయి తెరిస్తే చాలు. "పొరపాటు, ఇది కాదు" అంటే చాలు. నాన్న తిట్టేవారు, పుస్తకాలు పోయేవి, వంటింట్లో కూర్చునేదాన్ని. అంతే కదా? అంతే.

"ఇదే అత్తా," అన్నాను.

ఆవిడ నన్ను అలా చూస్తూ నిలబడింది. అనుమానంతో చూసి ఉంటే నాకు ఇన్నాళ్ళూ కొంచెం తేలికగా ఉండేదేమో. ఆ చూపులో అనుమానం లేదు. ఏదో వెతుక్కుంటున్నట్టు చూసి, తల దించుకుని, "నువ్వు అబద్దం ఆడవు గదా. అయితే నా సెవులే మోసపోనాయి," అంది.

నా మాట విని తన చెవులను అబద్ధం చేసుకుంది.

నాన్న చెడ్డవారు కారు. గొంతు తగ్గించి, "ఇచ్చినోడికే తిరిగిచ్చీ తవిటమ్మా. నాయుడు కాదనడు," అన్నారు. నేను రాయి మీది సీసం ముక్క ఆవిడ చేతిలో పెట్టాను. మెత్తటి వేళ్ళు నా చేతికి తగిలాయి. అప్పన్న పొట్లాలు విప్పి శొంఠి శొంఠిలోనూ, మిరియాలు మిరియాల్లోనూ పోసేశాడు. నూనె ముంత మళ్ళీ డబ్బాలోకి వంచాడు. ఆఖరి చుక్క కారేదాకా ముంత బోర్లించి పట్టుకున్నాడు. ఆవిడ ఖాళీ ముంత అందుకుని వెళ్ళిపోయింది. నా కుడిచేతిలో రూపాయి చెమటకు తడిసిపోయింది. తరువాతి మనిషి ఇచ్చిన రూపాయితో కలిపి అదీ పెట్టెలో పడేశాను. పెట్టెలో పడ్డది మనది.

ఇంతటితో అయిపోతే నేను ఇది రాసేదాన్ని కాదేమో. ఆ సాయంత్రమే ఆవిడ తిరిగి వచ్చింది. సంత చెదిరిపోతోంది. నాయుడు తాను ఇచ్చింది అది కాదన్నాడట. నిజమే, అతడు ఇచ్చింది అది కాదు. అతడు నిజం చెప్పాడు, ఆవిడా నిజమే చెప్పింది. రెండు నిజాలు ఒకదాన్నొకటి కొట్టుకున్నాయి, మధ్యలో నా మాట ఎవరికీ కనబడలేదు. అతడికి కోపం వచ్చి, నా మీద దొంగతనం మోపుతావా, ఇకమీదట నీ నూలు నాకొద్దు, పత్తీ ఇవ్వను అన్నాడట.

ఆవిడ గడప ఇవతలికి రాలేదు. బయటే నిలబడి రూపాయి అరచేతిలో పెట్టి చూపింది.

"బాబూ, దీన్ని మీ గడపకి కొట్టీండి. నాకొద్దు. నా దగ్గరుంటే ఏదో ఒక పూట ఆకలేసి ఇంకొకలికి ఇచ్చీగల్ను. ఆళ్ళు కూడా నాలాగే ఏడుస్తారు."

సంత రద్దీలో, ఎండలో కళ్ళు చెదిరే వేళ, ఎవరి చేతిలోనైనా పెట్టేసి పోవచ్చు. ఎవరైనా అదే చేసేవాళ్ళు. నేను అదే చేశాను. ఆవిడ చెయ్యలేదు.

నాన్న మెచ్చుకున్నారు. అప్పన్నను పిలిచి, శొంఠి, బెల్లం ఊరికే ఇమ్మన్నారు. తవిటమ్మ చేతులు వెనక్కు తీసుకుంది. "దొంగరూపాయి తెచ్చినదానికి దానమేటి బాబూ," అని వెళ్ళిపోయింది. ఆ కాయం ఆ బాలింత తిన్నదో లేదో ఇప్పటికీ నేను అడగలేదు.

అప్పన్న మేకు పెట్టి సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. సీసం కదా, మేకు మెత్తగా దిగిపోయింది.

దీపాలు పెట్టాక రోజూ లాగే రూపాయిలు ఒక్కొక్కటే రాయి మీద కొట్టాను. నాన్న "ఊఁ" అంటూ వస్తున్నారు. ఒక రూపాయి దగ్గర ఆగారు. "ఇది మళ్ళీ కొట్టు." కొట్టాను. గంట మోగినట్టు మోగింది. చాలాసేపు మోగింది. నాన్న ముఖం విప్పారింది. "పాత వెండి. ఇలాంటివి ఇప్పుడు ఎక్కడొస్తన్నాయి? ఎవులిచ్చారమ్మా?" అన్నారు.

"తెలీదు నాన్నా."

దాన్ని పెట్టెలో వేయనివ్వలేదు. కడిగించి, పూజలో లక్ష్మీదేవి పటం ముందు పెట్టించారు. అప్పటి నుంచి ప్రతి దీపావళికీ పాలతో కడిగి, కుంకుమబొట్టు పెట్టి, మొదటి హారతి ఆ రూపాయికే ఇచ్చేవారు. పళ్ళెం పట్టుకునేది నేను.

తరువాతి సంగతులు తొందరగా చెప్పేస్తాను. తొందర ఎందుకో మీకు తెలుసు. నాయుడు పత్తి ఇవ్వకపోవడంతో తవిటమ్మ చెరువుగట్టు పనికి పోయింది. మట్టి తట్టలు మోసింది. నాలుగేళ్ళు. తరువాత నూలు కొనేవాళ్ళు మారారు, మళ్ళీ రాట్నం ముందు కూర్చుంది. కాని సన్న దారం రావడం లేదని, ముతకదే వడుకుతోందని అప్పన్న చెప్పాడు. మా కొట్టుకు వచ్చేది. మానలేదు. అణాలూ కానులే తెచ్చేది, ఇంకెప్పుడూ రూపాయి తేలేదు. నా చేతిలో పెట్టకుండా రాయి మీద పెట్టేది. చిల్లర ఇచ్చేటప్పుడు ఒకసారి వేళ్ళు తగిలాయి. కొనలన్నీ కాయలు కాశాయి. పుస్తకం చదువుతున్నావా అని మాత్రం మళ్ళీ అడగలేదు. నేను చదువుతూనే ఉన్నాను. నా పుస్తకాలు పోలేదు. పెళ్ళయింది, ఆయన ఇల్లరికం వచ్చి సరుకు బేరాలు చూసుకుంటున్నారు, గల్లా నా దగ్గరే ఉంది. నేను దేనికి భయపడ్డానో అది ఏదీ జరగలేదు.

ప్రతి శుక్రవారం కొట్టు గడపకు పసుపు రాసేది నేనే. ఆ మూడు రూపాయిల మీదా వేలు పోవాలి. మొదటి రెండూ ఎలా ఉంటాయో నాకు గుర్తు లేదు. మూడోదాని మీద మేకు ఏ పక్కకు వంగిందో చీకట్లో కూడా చెప్పగలను. దానికి పేరు వచ్చింది. తవిటమ్మ రూపాయి. మొదట మా బజారులో అన్నారు. తరువాత సంతలో అన్నారు. ఆ పైన ఆవిడ ఎవరో తెలియని ఊళ్ళవాళ్ళు కూడా అరిగిపోయిన డబ్బు ఏది కనబడినా తవిటమ్మ అనడం మొదలుపెట్టారు. బిడ్డ బతకాలని ఒక తల్లి తవుడు పోసి తెచ్చుకున్న పేరు అది.

మొన్న, అంటే మూడు సంతల కిందట, గల్లా ముందు ఇద్దరు ఆడవాళ్ళు నిలబడ్డారు. కొత్త ముఖాలు. ఒకావిడ ఇచ్చిన అర్ధరూపాయి బాగా అరిగి నల్లబడి ఉంది. వెనకావిడ మోచేత్తో పొడిచి, "ఏటే వదినా, షావుకారికి తవిటమ్మని ఇచ్చీస్తన్నావా?" అంది.

"తవిటమ్మంటే ఎవులే?"

"ఏమో, ఎవులో దొంగముండంట. ఆ గడప కాడ సూడు."

అర్ధరూపాయి కొట్టాను. మంచిదే. నాన్న "ఊఁ" అన్నారు. చిల్లర ఇచ్చేయాలి. తరువాతి మనిషిని పిలవాలి. ఆరేళ్ళుగా అలాగే పిలిచాను. ఆ పూట ఏమయిందో నేను చెప్పలేను. ధైర్యం వచ్చిందంటే అబద్ధం అవుతుంది. లేచి నిలబడ్డాను. కొట్టులో జనం ఉండగా నేను లేచి నిలబడడం ఎవరూ ఎరగరు.

"అది తవిటమ్మది కాదు. నాది," అన్నాను.

అప్పన్న చేతిలో త్రాసు ఆగింది. "ఏటమ్మా?" అన్నాడు.

"తవిటమ్మ ఇచ్చింది మంచి రూపాయి. నేను మార్చాను," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. గట్టిగా ఉంది.

ఎవరూ నవ్వలేదు. వెనక గోడ దగ్గర నుంచి నాన్న మాట వినబడింది. ఆయనకు ఇప్పుడు నీడలు కూడా కనబడవు.

"పూజలో ఉన్నది?" అన్నారు.

"ఆవిడదే నాన్నా."

ఒక్క చప్పుడు కూడా మరిచిపోలేదాయన. ఆ పాత వెండి మోతా, ఆ సీసం టప్పూ ఒకే రోజువని చెప్పకుండానే పోల్చుకున్నారు. ఆ పైన ఏమీ అడగలేదు. పుస్తకం సంగతి అడిగి ఉంటే చెప్పేదాన్ని. అడగలేదు గనక ఇక్కడ మీకు చెబుతున్నాను. కొట్టులో చెప్పింది రెండు ముక్కలే. ఎందుకు చేశానో, ఎవరిని ఏరుకున్నానో, ఆ ముగ్గురినీ ఎందుకు వదిలేశానో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఆ సాయంత్రం నాన్న పూజగదిలోకి తడుముకుంటూ వెళ్ళి ఆ రూపాయి తీసి నా చేతిలో పెట్టారు. కుంకుమ అలాగే ఉంది. దీపాలు పెట్టే వేళకు నేను రాయి దగ్గర కూర్చుంటే, "నువ్వు లేమ్మా," అన్నారు. ఆ రోజు నుంచి రూపాయిలు ఆయనే కొట్టి వింటున్నారు. చూపు లేదు కదా, ఒక్కోసారి రూపాయి రాయి పక్కన నేల మీద పడుతుంది. వెతుక్కుంటారు. నేను చూస్తూ కూర్చుంటాను. అందివ్వబోతే చేయి అడ్డం పెడతారు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని రోజూ అనుకుంటాను.

గడప మీద మేకు నేనే ఊడదీశాను. సీసం ముక్క రెండుగా చీలింది. గడప చెక్కకు చిల్లు మిగిలింది. ఈ శుక్రవారం పసుపు రాస్తూంటే వేలి కొన అందులోకి దిగింది.

తవిటమ్మకు కబురు చేరింది. అప్పన్నే చెప్పాడు. "ఇన్నాది అమ్మా," అన్నాడు. ఏమందని అడిగాను. "రాట్నం ఆపినాది. మళ్ళీ తిప్పినాది."

మూడు సంతలయింది. ఆవిడ కొట్టుకు రాలేదు. మొన్న నేనే బయలుదేరి వాళ్ళ వీధి మొగదాకా వెళ్ళాను. రాట్నం చప్పుడు వినబడింది. వెళ్ళి ఏమనాలి? నన్ను క్షమించమని అడగాలా? అది మళ్ళీ ఆవిడ కొంగు ముడి విప్పమనడం కాదా? ఇవ్వవలసింది నేను, మళ్ళీ చేయి చాచేదీ నేనేనా? నిలబడి, నిలబడి, తిరిగి వచ్చేశాను. ఇదీ రాశాను, చూడండి. ధైర్యవంతురాలినని మీరు అనుకోకూడదు.

ఆ రూపాయి నా కొంగున కట్టి ఉంది. రాత పూర్తయ్యాక రేపు ఆ వీధి చివరిదాకా నడుస్తానో, మొగలోనే ఆగిపోతానో తెలియదు. ఒకవేళ ఆవిడ తీసుకోనంటే, అది ఆవిడ ఇష్టం. ఆ నాలుగేళ్ళ మట్టిని ఏ రూపాయీ ఆ వేళ్ళ మీంచి తుడవదు. నాకు తెలుసు.

ఇందాక పాత దినచర్య తీశాను. ఆ మూడు ముక్కలూ కొట్టివేయలేదు. నిజంగా సంత బాగానే జరిగింది, ఎండా ఎక్కువే, పుస్తకమూ పూర్తయింది. వాటి కింద మిగిలిపోయిన ముక్క రాశాను. "తవిటమ్మ నా చేతిలో పెట్టింది ఇది కాదు." సిరా ఆరేదాకా చూస్తూ కూర్చున్నాను. ముడి ఇంకా కొంగునే ఉంది, అదే తులం. అయితే ఇవాళ దాని బరువు కొంగులోనే ఉన్నట్టు తెలుస్తోంది. ఇన్నాళ్ళూ అది ఎక్కడుందో తెలియకుండా ఒళ్ళంతా మోశాను.